ఈ రాత్రి మజిలీ ఎక్కడ?
ఫ్రాన్స్‌లో గూడుబండి ప్రయాణం

తెలుగులో మజిలీ అని ఒక మాట ఉంది. దూరప్రయాణంలో పగలంతా నడిచి, రాత్రికి ఆగే చోటును మజిలీ అంటారు. రైళ్లు లేని రోజుల్లో మన పూర్వికుల దేశంలో జనం కాశీకి కాలినడకన వెళ్లేవారు. నెలల ప్రయాణం. దారి పొడవునా ఎన్నో మజిలీలు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీమజిలీ కథలు’ ఆ దారి మీదే నడుస్తాయి. మణిసిద్ధుడనే గురువు, ఆయన వెంట ఒక గొల్లపిల్లవాడు. పిల్లవాడు ఆగిన ఊళ్లో ఏదో ఒక వింత చూసి వస్తాడు. గురువు దాని వెనక ఉన్న కథ చెబుతాడు. మర్నాడు మళ్లీ నడక.

ఈ మాటకు సరిగ్గా సరిపోయే ఫ్రెంచి మాట ‘ఎతాప్’. మారిషస్‌లో పెరిగిన మనలో చాలామందికి ఎతాప్ ముందు తెలుసు, మజిలీ తర్వాత తెలుస్తుంది. ఫరవాలేదు. ఈ వ్యాసంలో రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

మన కుటుంబాల్లో ఇప్పుడు ఫ్రాన్స్‌లో చదివే పిల్లలు, అక్కడే స్థిరపడ్డ అన్నదమ్ములు ఉన్నారు. వాళ్లను చూడడానికి వెళ్లినవాళ్లు కొందరు హోటళ్లు మాని, ఒక కాంపింగ్‌కార్ అద్దెకు తీసుకుంటున్నారు. ఇంగ్లండులో ఉన్న మనవాళ్లు కారు వెనక కారవాన్ తగిలించుకుని కలే రేవు మీదుగా వస్తారు. మన పల్లెల్లో పైన గూడు కట్టిన ఎడ్లబండిని గూడుబండి అనేవారు. కాంపింగ్‌కార్ కూడా అలాంటిదే: పడక, వంట, నీళ్లు, అన్నీ ఉన్న బండి.

నిరుడు సెప్టెంబరులో మేము ఐదుగురం అలా బయలుదేరాం: మా వారు, ఇద్దరు పిల్లలు, నేను, డెబ్బై నాలుగేళ్ల మా అమ్మ. ప్రతిరోజూ మధ్యాహ్నం మూడు గంటలకు అమ్మ ఒకటే ప్రశ్న అడిగేది: “ఈ రాత్రి మజిలీ ఎక్కడమ్మా?” పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉన్నప్పుడు అది చిన్న ప్రశ్న కాదు. చీకటి పడ్డాక తెలియని రోడ్డు మీద చోటు వెతుక్కోవడం ఎవరికీ మంచిది కాదు. అందుకే ఆ ప్రశ్నకు ఉన్న జవాబులన్నీ ఇక్కడ ఒక్కచోట చెబుతున్నాను.

ఒకే మాట, మూడు అర్థాలు

ఫ్రాన్స్ రోడ్ల మీద మీకు ‘ఎర్’ అనే మాట పదే పదే కనిపిస్తుంది. ఎర్ అంటే ఖాళీ స్థలం, ఆవరణ. కాని ఆ మాట వెనక వచ్చే మాటను బట్టి అర్థం మారిపోతుంది. ఈ తేడా తెలిస్తే సగం ప్రయాణం తెలిసినట్టే.

మొదటిది ఆటోరూట్ పక్కన ఉండే ‘ఎర్ ద రెపో’, ‘ఎర్ ద సెర్విస్’. ఒకటి చెట్లు, బల్లలు, మరుగుదొడ్లు ఉన్న విశ్రాంతి స్థలం. రెండోదానిలో పెట్రోలు, కాఫీ కూడా దొరుకుతాయి. ఇవి పగటిపూట కాళ్లు చాపుకోవడానికి, అన్నం తినడానికి. రాత్రి నిద్రకు కాదు. ఎందుకో తర్వాత చెబుతాను.

రెండోది ‘ఎర్ ద కాంపింగ్‌కార్’. ఇది ఊరు ఏర్పాటు చేసిన చోటు. చదునైన నేల, బండ్లు నిలిపే గళ్లు, ఒక మూల నీళ్ల యంత్రం. కొన్ని ఉచితం. కొన్నింటికి రాత్రికి పది పదిహేను యూరోల వరకు తీసుకుంటారు. ముందుగా చోటు పట్టుకునే పద్ధతి చాలా చోట్ల ఉండదు. ముందు వచ్చినవాళ్లదే చోటు. సముద్రతీరంలో వేసవి సాయంత్రం ఐదు దాటితే నిండిపోతాయి. చిన్న ఊళ్లలో మాత్రం నాలుగైదు బండ్లే ఉంటాయి. ‘కాంపింగ్‌కార్ పార్క్’ అనే సంస్థ నడిపేవాటికి గేటు ఉంటుంది. దానికి ఒక కార్డు కావాలి. ఒక ముఖ్యమైన సంగతి: చాలా ఎర్‌లలో కారవాన్లను రానివ్వరు. కారు వెనక కారవాన్ లాక్కొచ్చేవాళ్లు కాంపింగ్‌కే వెళ్లాలి.

మూడోది ‘ఎర్ దాక్యుయ్’. ఇది తరతరాలుగా బండ్లలోనే బతుకుతూ ఊరూరా తిరిగే ‘జాన్ ద్యు వొయాజ్’ కోసం కేటాయించిన స్థలం. విహారానికి వచ్చిన మనకోసం కాదు. అది వాళ్ల ఇల్లు. వాళ్ల సంగతి మళ్లీ వస్తుంది.

ఊరి కాంపింగ్

ఐరోపాలో అన్నిటికంటే ఎక్కువ కాంపింగ్‌లు ఉన్న దేశం ఫ్రాన్స్. దీనికి ఒక చరిత్ర ఉంది. 1936లో అక్కడి ప్రభుత్వం కార్మికులందరికీ ఏడాదికి రెండు వారాల సెలవు ఇచ్చింది, అదీ జీతంతో. ఫ్యాక్టరీ పని తప్ప మరొకటి ఎరుగని మనుషులు మొదటిసారి సముద్రం చూడడానికి వెళ్లారు. 1956లో ఆ సెలవు మూడు వారాలైంది. 1969లో నాలుగు, 1982లో ఐదు. హోటలు ఖర్చు పెట్టుకోలేని జనం గుడారాలతో వచ్చేవారు. వాళ్లకోసం ఊరి పాలకులు నది ఒడ్డున, ఆటల మైదానం పక్కన కాంపింగ్‌లు కట్టించారు. అవే ‘కాంపింగ్ మ్యునిసిపాల్’.

మన దేశంలోనూ చలికాలపు బడి సెలవుల్లో సముద్రపు ఒడ్డున, సరుగుడు చెట్ల కింద గుడారాలు వేసి వంటలు చేసుకుంటాం కదా. ఫిలావో చెట్టునే తెలుగులో సరుగుడు అంటారు. ఆ అలవాటు ఉన్నవాళ్లకు ఫ్రెంచి ఊరి కాంపింగ్ కొత్తగా అనిపించదు. నీడ ఉంటుంది, స్నానానికి వేడినీళ్లు ఉంటాయి, గిన్నెలు కడుక్కునే తొట్లు ఉంటాయి. పక్కవాళ్లు “బోంజూర్” అని పలకరిస్తారు. కొన్ని చోట్ల ముందు రాత్రి చెబితే పొద్దున్నే రొట్టె తెచ్చి ఇస్తారు.

కాంపింగ్‌లకు ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇస్తారు. ఐదు నక్షత్రాలంటే ఈతకొలను, జారుడుబల్లలు, రాత్రి పాటలు. పిల్లలకు సంబరం, పెద్దవాళ్లకు నిద్రాభంగం. రెండు నక్షత్రాల ఊరి కాంపింగ్‌లో అమ్మ హాయిగా పడుకునేది. జూలై, ఆగస్టు దాటితే ధరలు బాగా తగ్గుతాయి. రద్దీ లేని నెలల్లో ‘ఆక్సి’ కార్డు చూపితే చాలా కాంపింగ్‌లు తక్కువ ధర తీసుకుంటాయి. ధర కాక పెద్దవాళ్లకు తలకు ఇంత అని బస పన్ను కూడా ఉంటుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆ పన్ను లేదు.

వేళలు గుర్తుంచుకోండి. పన్నెండు నుంచి రెండు వరకు చాలా ఆఫీసులు భోజనానికి మూసేస్తారు. సాయంత్రం ఏడు దాటితే ఆఫీసులో ఎవరూ ఉండకపోవచ్చు. రాత్రి పది నుంచి పొద్దున ఏడు వరకు గేటు మూసి ఉంచడం మామూలు. నాలుగు గంటలకల్లా చేరుకునేలా చూసుకుంటే చోటు దొరుకుతుంది, మనసు నిమ్మళంగా ఉంటుంది. రోజుకు రెండు వందల యాభై కిలోమీటర్లు మించి నడపకపోతే ఇది కష్టం కాదు.

రైతు ముంగిట ఒక రాత్రి

మాకు అన్నిటికంటే నచ్చినవి రైతుల ఇళ్లు. ‘ఫ్రాన్స్ పాసియోన్’ అనే పద్ధతి ముప్పై ఏళ్లకు పైగా నడుస్తోంది. ఏడాదికి ఒకసారి డబ్బు కట్టి సభ్యులైతే, ద్రాక్షతోటల యజమానులు, జున్ను చేసేవాళ్లు, తేనె తీసేవాళ్లు, ఆలివు పండించేవాళ్లు తమ స్థలంలో ఒక రాత్రి బండి నిలుపుకోనిస్తారు. అద్దె అడగరు. ఏదైనా కొనాలనే నియమం కూడా లేదు. కాని బండిలోనే మరుగుదొడ్డి, నీళ్ల ట్యాంకులు ఉండాలి. ఎందుకంటే అక్కడ మీకు ఇచ్చేది చోటు మాత్రమే.

మర్యాదలు మాత్రం ఉన్నాయి. వెలుగు ఉండగానే చేరాలి. ముందు తలుపు తట్టి “బోంజూర్” చెప్పాలి. చూపించిన చోటే బండి నిలపాలి. ఇరవై నాలుగు గంటలు దాటి ఉండకూడదు. పొద్దున వెళ్లేముందు కనిపించి, చెప్పి వెళ్లాలి. మన ఇళ్లలో అతిథికి ఉన్న నియమాలే ఇవి. మన పెద్దలు ‘వెళ్తున్నాను’ అనకుండా ‘వెళ్లొస్తాను’ అంటారు. “ఓ రెవ్వార్” అంటే కూడా దాదాపు అదే అర్థం: మళ్లీ చూద్దాం.

బర్గండీలో ఒక ద్రాక్షతోట పక్కన ఆగినప్పుడు ఆ ఇంటి ముసలావిడ అమ్మను చేయి పట్టుకుని తోట చూపించడానికి తీసుకెళ్లింది. అమ్మ మారిషస్‌లో తేయాకు తోటలో పనిచేసిన మనిషి. ఇద్దరూ నడుంనొప్పి గురించి, మందుల గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. అమ్మ క్రెయోల్‌లో, ఆవిడ ఫ్రెంచిలో.

కారవాన్‌తో వచ్చేవాళ్లకు దీనికి బదులు ‘కాంపింగ్ ఆ లా ఫెర్మ్’ ఉంది. అంటే పొలం దగ్గర కాంపింగ్. ఆరు బండ్ల వరకు మాత్రమే ఉండే చిన్న చోట్లు. దీనికి రుసుము ఉంటుంది కాని, కరెంటు, నీళ్లు దొరుకుతాయి.

నిలపడం వేరు, విడిది చేయడం వేరు

“ఎక్కడో ఒక చోట రోడ్డు పక్కన ఆపుకుంటే సరిపోదా?” అని చాలామంది అడుగుతారు. ఫ్రెంచి చట్టంలో ఇక్కడ ఒక సన్నని గీత ఉంది.

కాంపింగ్‌కార్ కూడా ఒక వాహనమే. కారు నిలపగలిగే చోట, వద్దని బోర్డు లేకపోతే, దాన్ని కూడా నిలపవచ్చు. లోపల మనుషులు పడుకున్నా అది నిలపడమే. కాని బయట కుర్చీలు వేసినా, గుడ్డపందిరి చాపినా, చక్రాల కింద దిమ్మలు పెట్టినా అది నిలపడం కాదు, విడిది చేయడం. విడిదికి వేరే నియమాలు. సముద్రపు ఒడ్డున విడిది చేయకూడదు. రక్షిత కట్టడాల చుట్టూ ఐదు వందల మీటర్ల లోపల, తాగునీరు తీసే చోటుకు రెండు వందల మీటర్ల లోపల చేయకూడదు. నిలపడానికి కూడా ఒక హద్దు ఉంది: ఏడు రోజులు దాటి ఒకే చోట ఉంచితే బండి తీసుకుపోవచ్చు.

ఇంకొక అడ్డు చట్టంలో కాదు, ఇనుముతో ఉంటుంది. సముద్రతీరపు పార్కింగుల ముందు రెండు మీటర్ల ఎత్తులో కడ్డీ కడతారు. కాంపింగ్‌కార్ ఎత్తు దాదాపు మూడు మీటర్లు. మీ బండి ఎత్తు, బరువు ఒక కాగితం మీద రాసి అద్దం దగ్గర అంటించుకోండి. ఎత్తు టోల్ దగ్గర కూడా పనికొస్తుంది. మూడు మీటర్లు దాటితే రుసుము పెరుగుతుంది. బరువు మూడున్నర టన్నులు దాటిన బండికి నియమాలు మారతాయి, మామూలు కారు లైసెన్సు చాలదు.

పెద్ద రోడ్డు పక్కన నిద్ర వద్దు

ఆటోరూట్ పక్కన ఎర్‌లో పడుకోవద్దని ముందే చెప్పాను. కారణం దొంగలు. రాత్రంతా వచ్చిపోయే బండ్ల మధ్య ఎవరు ఎవరో తెలియదు. దొంగతనం చేసినవాడు రెండు నిమిషాల్లో రోడ్డెక్కి మాయమవుతాడు. పక్కనే లారీల ఇంజన్లు మోగుతుంటాయి కాబట్టి చప్పుడు కూడా వినిపించదు.

దొంగలు కిటికీలోంచి మత్తుగ్యాసు వదులుతారని ఒక కథ చాలా ఏళ్లుగా తిరుగుతోంది. మన బంధువుల్లో కూడా చెప్పేవాళ్లున్నారు. మనిషికి తెలియకుండా అలా మత్తు ఎక్కించడం సాధ్యం కాదని బ్రిటన్‌లోని మత్తువైద్యుల రాయల్ కాలేజీ చెప్పింది. కాబట్టి గ్యాసుకు భయపడనక్కర్లేదు. తాళం వేయని తలుపుకు భయపడాలి. పగలంతా బండి నడిపి అలసిన మనిషి ఎంత గాఢంగా నిద్రపోతాడో మనకు తెలిసిందే.

ఆటోరూట్ దిగి పది కిలోమీటర్లు వెళితే చాలు, ఏదో ఒక పల్లె వస్తుంది. ఫ్రాన్స్‌లో ముప్పై ఐదు వేల దాకా ఊళ్లున్నాయి, ఎంత చిన్నదైనా ప్రతి ఊరికీ ఒక మేరీ ఉంటుంది. అంటే ఊరి కచేరీ. చర్చి పక్కనో, చెరువు పక్కనో ఒక ఎర్ ఉండే అవకాశం ఎక్కువ. లేకపోతే కచేరీలో అడగండి. “ఇక్కడ ఒక రాత్రి ఆగవచ్చా?” అని మర్యాదగా అడిగిన ప్రతిచోటా మాకు జవాబు దొరికింది. ప్రమాదం వస్తే 112కు ఫోన్ చేయాలి. ఈ నంబరు పిల్లలకు కూడా నేర్పండి.

నీళ్లు, కరెంటు, అన్నం

ఎర్‌లో ఉండే నీళ్ల యంత్రాన్ని ‘బోర్న్’ అంటారు. కొన్ని కార్డు తీసుకుంటాయి. పాతవాటికి ‘జెతోన్’ కావాలి. అది ఒక చిన్న బిళ్ల. రొట్టెల దుకాణంలోనో, పర్యాటక కార్యాలయంలోనో అమ్ముతారు. ఆదివారం మధ్యాహ్నం అన్నీ మూసేస్తారు కాబట్టి ముందే ఒకటి కొని దగ్గర ఉంచుకోండి.

కుళాయి దగ్గర బోర్డు చదవకుండా నీళ్లు పట్టకండి. ‘ఓ పొతాబ్ల్’ అంటే తాగే నీరు. ‘ఓ నోన్ పొతాబ్ల్’ అంటే తాగకూడని నీరు. గిన్నెలు, స్నానం వల్ల వచ్చే మురుగునీటిని నేలలో ఉన్న జాలీ మీద వదలాలి. మరుగుదొడ్డి పెట్టెను దానికి కేటాయించిన చోటే ఖాళీ చేయాలి. వర్షపునీటి కాలువలో ఏదీ పోయకూడదు. ఒక బండి చేసిన పాపానికి ఆ ఊరు ఎర్‌నే మూసేస్తే, వెనక వచ్చే వందమందికి చోటు పోతుంది.

ఇక అన్నం. కాంపింగ్‌లో కరెంటు తీసుకున్నప్పుడు ఎన్ని ఆంపియర్లో అడగండి. ఆరు ఆంపియర్లంటే సుమారు 1,380 వాట్లు. అన్నం వండే చిన్న కరెంటు కుక్కర్ ఏడు వందల వాట్లు తీసుకుంటుంది, ఇబ్బంది లేదు. నీళ్లు కాచే కెటిల్ రెండు వేల వాట్లు తీసుకుంటుంది. దాన్ని పెట్టగానే కరెంటు పోతుంది. ఆరు ఆంపియర్ల చోట టీనీళ్లు గ్యాసు పొయ్యి మీద పెట్టుకోవాలి. పది ఆంపియర్లు ఉంటే 2,300 వాట్లు. కెటిల్ ఆడుతుంది, కాని కెటిల్, కుక్కర్ రెండూ కలిపి ఆడవు. గ్యాసులోనూ తేడా ఉంది. చలి సున్నా డిగ్రీలకు దిగితే బ్యూటేన్ పనిచేయదు. చలికాలంలో వెళ్లేవాళ్లు ప్రొపేన్ సిలిండర్ అడగాలి.

కందిపప్పు, చింతపండు, పోపు దినుసులు ఇంటి నుంచి తీసుకెళ్లాం. కూరగాయలు ఊరి సంతలో కొన్నాం. వంకాయలు, టమాటాలు, పచ్చి బీన్సు ఎక్కడైనా దొరుకుతాయి. పోపు పెట్టేటప్పుడు బండి తలుపు తెరిచి ఉంచండి. లేకపోతే వారం రోజులు పరుపులకు కూడా ఇంగువ వాసనే.

పాసు కాగితం

ఒక సాయంత్రం లువార్ నది దగ్గర ఒక కాంపింగ్‌లో వరుసలో ఉన్నాం. మా ముందు ఒక కుటుంబం. వాళ్ల కారవాన్‌కు ఒకవైపు రెండు చక్రాలు, మరోవైపు రెండు చక్రాలు. గేటు మీద ఒక చిన్న బోర్డు ఉంది: జంట ఇరుసుల కారవాన్లకు ప్రవేశం లేదు. వాళ్లు ఒక్క మాట కూడా అనకుండా బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయారు. ఇద్దరు చిన్నపిల్లలు వెనక కిటికీలోంచి మా వైపు చూశారు. మాకు చోటు దొరికింది.

అమ్మకు అర్థం కాలేదు. “చోటుందిగా, ఎందుకు పంపేశారు?” అంది. పెద్ద కారవాన్ల బరువుకు నేల పాడవుతుందని కొందరు చెబుతారు. కాని అలాంటి కారవాన్లలో ఎక్కువగా బతికేది జాన్ ద్యు వొయాజ్ కుటుంబాలు. బోర్డు మీద చక్రాల గురించి రాసి ఉన్నా, చాలా చోట్ల దాని అర్థం మనుషుల గురించే.

వాళ్ల చరిత్ర తెలుసుకుంటే మనకు మన చరిత్రే గుర్తుకొస్తుంది. 1912లో ఫ్రాన్స్ ఒక చట్టం చేసింది. ఊరూరా తిరిగేవాళ్లు ఒంటి కొలతలు, వేలిముద్రలు ఉన్న పుస్తకం దగ్గర ఉంచుకోవాలి. ఒక ఊరికి వచ్చినప్పుడు ముద్ర వేయించుకోవాలి, వెళ్లేటప్పుడు మళ్లీ వేయించుకోవాలి. రెండో ప్రపంచయుద్ధంలో వాళ్లను నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. యుద్ధం ముగిసినా 1946 వరకు అందరినీ వదల్లేదు. లువార్ ప్రాంతంలోని మోంత్రోయ్-బెలేలో అలాంటి పెద్ద శిబిరం ఉండేది. 2016లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ఫ్రాన్స్వా ఒలాండ్ అక్కడికి వచ్చి, జరిగినదానిలో దేశానికి బాధ్యత ఉందని ఒప్పుకున్నారు. 1912 నాటి పుస్తకం 1969లో మరో రూపం తీసుకుంది. తిరుగుడు పత్రాలు పూర్తిగా రద్దయింది 2017 జనవరిలో. ఐదు వేల జనాభా దాటిన ఊళ్లు వాళ్లకు ఎర్ దాక్యుయ్ ఏర్పాటు చేయాలని 2000 నాటి చట్టం చెబుతోంది.

మన ముత్తాతల మాటేమిటి? కోరంగి రేవు నుంచి, ఇతర రేవుల నుంచి ఓడెక్కి వచ్చి, ఐదేళ్ల ఒప్పందం ముగించుకున్నవాళ్లను మారిషస్‌లో పాత వలసదారులు అనేవారు. 1867 చట్టం ప్రకారం వాళ్లు ఫొటో అంటించిన టికెట్టు, పోలీసు పాసు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. పక్క జిల్లాలో ఉన్న అన్నను చూడడానికి వెళ్లినా సరే. కాగితం చూపలేకపోతే దిమ్మరి అని పట్టుకునేవారు. 1871లో 9,401 మంది పాత వలసదారులు అడాల్ఫ్ ద ప్లెవిత్స్ సాయంతో ఒక అర్జీ పెట్టారు. మరుసటి ఏడు రాయల్ కమిషన్ విచారణ మొదలైంది. ఆ ఫొటోలు చాలావరకు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మన కుటుంబాల్లో కొందరికి తమ ముత్తాత ముఖం తెలిసింది ఆ పాసు కోసం తీసిన ఫొటో వల్లే.

ఇప్పుడు మనం మారిషస్ పాస్‌పోర్టుతో, వీసా లేకుండా, తొంభై రోజుల వరకు ఆ దేశంలో తిరగవచ్చు. ఏ రాత్రి ఎక్కడ ఆగాలో మనమే ఎంచుకోవచ్చు. ఈ సంగతి పిల్లలకు చెప్పడానికి ఆ రాత్రి కంటే మంచి సమయం దొరకదనిపించింది. మా పెద్దవాడు అన్నీ విని, “మరి ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడ పడుకున్నారు?” అని అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

కొన్ని మంచి మజిలీలు

కలే నుంచి దిగేవాళ్లు మొదటి రోజు గంట దూరంలో ఉన్న నవ్-షాపెల్ దగ్గర ఆగండి. 1915 మార్చిలో అక్కడ భారత సైనికులు పోరాడారు. సమాధి కూడా తెలియని 4,700 మందికి పైగా సైనికుల పేర్లు ఆ స్మారకం గోడ మీద చెక్కారు. దాన్ని 1927లో ప్రారంభించారు.

దక్షిణానికి వెళ్లేవాళ్లకు బర్గండీలోని బోన్ చక్కని మజిలీ. ఊళ్లోకి నడిచి వెళ్లగలిగే దూరంలో కాంపింగ్ ఉంది. అక్కడి ఒతెల్-ద్యు 1443లో పేదలకోసం కట్టిన ఆసుపత్రి. రంగురంగుల పెంకుల కప్పు చూసి పిల్లలు ముగ్గుతో పోల్చారు.

టోల్ ఖర్చు తగ్గించుకోవాలంటే క్లెర్మోఁ-ఫెరాఁ నుంచి బెజియె వైపు వెళ్లే ఎ75 మంచి దారి. మిల్లో వంతెన దగ్గర తప్ప ఎక్కడా టోల్ లేదు. 2004లో తెరిచిన ఆ వంతెన పొడవు 2,460 మీటర్లు, ఎత్తు 343 మీటర్లు. మబ్బులు కింద, బండి పైన.

బయలుదేరేముందు

బండి అద్దెకు తీసుకునేటప్పుడు పడకలు ఎన్ని అని మాత్రమే కాదు, బెల్టు ఉన్న సీట్లు ఎన్ని అని కూడా అడగండి. ఆరుగురు పడుకోగలిగే బండిలో నలుగురే కూర్చోగలిగే సందర్భాలున్నాయి. లాగుతున్న కారవాన్‌లో మాత్రం ఎవరూ కూర్చోకూడదు. పెద్దవాళ్లు ఉంటే నిచ్చెన ఎక్కనక్కర్లేని, కిందనే ఉండే పడక ఉన్న బండి ఎంచుకోండి. మన లైసెన్సు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి అంతర్జాతీయ పర్మిట్ వెంట తీసుకెళ్లండి. అక్కడ బండి కుడివైపు నడుస్తుంది. మొదటి గంట ఏదైనా ఖాళీ పార్కింగులో తిప్పి చూసుకోండి.

ఇక భాష. ఫ్రెంచి మనల్ని ఆ దేశమంతా తిప్పుతుంది. కాని సాయంత్రం బండి ఆగాక, దీపం వెలిగించాక, ఒక గంట తెలుగులో మాట్లాడుకోండి. ఆ రోజు దారిలో చూసిన వింత ఏదో ఒక్కటి పిల్లలు అడగాలి, పెద్దవాళ్లు చెప్పాలి. తెలియకపోతే అందరూ కలిసి ఊహించాలి. కాశీదారిలో గురువు చేసింది అదే. పదమూడు రాత్రుల్లో మా పిల్లలు నేర్చుకున్న తెలుగు, ఏడాది తరగతుల్లో నేర్చుకున్నదానికంటే తక్కువేమీ కాదు.

మాటల మూట

మజిలీ: ప్రయాణంలో రాత్రికి ఆగే చోటు, ఎతాప్.
బస: తాత్కాలికంగా ఉండే చోటు. “ఈ రాత్రి మా బస ఇక్కడే.”
విడిది: అతిథులు, ప్రయాణికులు దిగే చోటు. పెళ్లివారికి ఇచ్చే ఇల్లు కూడా విడిదే.
ముంగిలి: ఇంటి ముందు ఖాళీ చోటు. ముగ్గు వేసేది అక్కడే.
ఇరుసు: రెండు చక్రాలను కలిపే కడ్డీ.
కచేరీ: ఇక్కడ ప్రభుత్వ కార్యాలయం అని అర్థం. పాటకచేరీలో అర్థం వేరు.
అర్జీ: పెద్దలకు రాసి ఇచ్చే విన్నపం.
దిమ్మరి: ఇల్లూవాకిలీ లేకుండా తిరిగే మనిషి. మన ముత్తాతలను ఇలా పిలిచారు. ఈ మాటను ఎవరి మీదా తేలిగ్గా వాడకండి.